తెరుచుకునే వంతెన, తిరుగు చోటు

ఈ మాటలు ఖోర్ ఫక్కాన్ నుంచి చెబుతున్నాను. ఇది ఎమిరేట్స్ దేశానికి తూర్పు వైపున, ఒమన్ సింధుశాఖ ఒడ్డున ఉన్న రేవు. పరిపాలన షార్జాదే గాని షార్జా ఊరికీ దీనికీ మధ్య హజర్ కొండలు అడ్డం. అరబ్బీలో 'ఖోర్' అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన చోటు. 'ఫక్కాన్' అంటే రెండు దవడలు. రెండు పక్కలా కొండకొమ్ములు నోరు తెరిచినట్టు ఉంటాయి, ఆ నోట్లో రేవు. 1979లో ఇక్కడ కంటైనర్ టెర్మినల్ మొదలైంది. బయట లంగరు వేసుకుని నిలబడే పెద్ద ఓడలకి మంచినీళ్ళూ, కూరగాయలూ, సామాన్లూ, మనుషుల్నీ చేరవేసే చిన్న బోట్లు చాలా ఉంటాయి. అటువంటి బోట్ల మీదే నా ఉద్యోగం.

మన రేడియో వాళ్ళు నన్నడిగింది ఒకటే. "మన తీరం కుర్రాళ్ళు ఇదివరకు వేరావల్ వెళ్ళేవాళ్ళు, ఇప్పుడు గల్ఫ్‌లో బోటు పనులకి కూడా వస్తున్నారు కదా, వాళ్ళకి పనికొచ్చే విషయం ఏదన్నా చెప్పండి" అన్నారు. చెప్పాలంటే చాలా ఉన్నాయి. వీసా సంగతీ, జీతాల సంగతీ చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. నేను పని సంగతి చెబుతాను. అందులోనూ ఒక్క ముక్క తీసుకుంటాను. రేవులో, క్రీకులో పైకి లేచే వంతెనలుంటాయి చూడండి, వాటి దగ్గర బోటుని ఎలా దాటించాలి అనేది.

ఖోర్ ఫక్కాన్లో పనిచేసినవాళ్ళు ఇది వింటే నవ్వుకుంటారు. "ఇక్కడ వంతెనేదయ్యా?" అంటారు. నిజమే, లేదు. కాని ఇక్కడి బోట్లకి రిపేరు వచ్చిందనుకోండి, నేను ఆ ప్రయాణాలు చేసిన రోజుల్లో, అంటే 2009 తరవాత కొన్నేళ్ళపాటు, వాటిని దుబాయి క్రీకులో జద్దాఫ్ అనే చోట ఉన్న యార్డులకి తీసుకెళ్ళేవాళ్ళం. రోడ్డు మీదయితే రెండు గంటల దూరం. సముద్రం మీద ముసందం కొమ్ము చుట్టి, హోర్ముజ్ జలసంధి దాటి, రాస్ అల్ ఖైమా పక్కనుంచి దిగిరావాలి. ఎనిమిది నాట్ల వేగంతో వస్తే ఇంచుమించు ఒక పగలూ ఒక రాత్రీ. (నాట్లంటే వరినాట్లు కాదండోయ్, గంటకి ఇన్ని సముద్రపు మైళ్ళు అని లెక్క.) అంత దూరమొచ్చాక అసలు పరీక్ష ఆఖరి మూడు మైళ్ళలో ఉండేది.

దుబాయి క్రీకు మీద మొదటి వంతెన మక్తూమ్ వంతెన, 1963లో తెరిచారు. అందులో బోట్ల కోసం పైకి లేచే భాగం ఒకటి పెట్టారు. దాని తరవాత లోపలికి వెళితే 2007 జూలైలో తెరిచిన తేలే వంతెన. అది పెద్ద పెద్ద డబ్బాలని నీళ్ళ మీద తేల్చి వాటి మీద రోడ్డు వేసింది. తెరిచినప్పుడు పెట్టిన పద్ధతి ఏమిటంటే రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా బళ్ళు ఆపేస్తారు, ఆ సమయంలో నడిమి భాగం తొలగించి పడవలకి దారి ఇస్తారు. దాని తరవాత గర్హూద్ వంతెన. అదీ దాటాక జద్దాఫ్. పగలు బళ్ళవాళ్ళది, రాత్రి బోట్లవాళ్ళది అన్నమాట.

ఇక్కడే చిక్కంతా ఉంది. రాత్రి ఆ కాస్త సమయంలో దాటకపోతే మళ్ళీ మర్నాటి రాత్రి దాకా ఆగాలి. యార్డులో తీసుకున్న చోటుకి అద్దె నడుస్తూ ఉంటుంది. యజమాని ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటాడు. ఒక పగలూ రాత్రీ నిద్రలేని మనుషులు. చీకటి. వెనక ఇంకో రెండు బోట్లు. ఇన్ని కలిసి సరంగుని ముందుకి తోస్తుంటాయి. వంతెన దగ్గర నేను చూసిన దెబ్బలన్నీ ఈ తొందరలో తగిలినవే గాని, వంతెన చెడిపోయి తగిలినది ఒక్కటీ లేదు.

మన కృష్ణా గోదావరి కాలవల కింద పుట్టినవాళ్ళకి ఇది కొత్త కాదు. లాకుల దగ్గర పడవ ఆగాలి, లాకు తలుపు తియ్యాలి, అప్పుడు వెళ్ళాలి. మా తాత చిన్నప్పుడు ధవళేశ్వరం వైపు సరుకు పడవల మీద పనిచేశాడు. కాలవ మీద వంతెన కనపడగానే తెరచాప కొయ్య దించేవాళ్ళట. వంతెన దగ్గరికొచ్చాక కాదు, కనపడగానే. అలాగే సముద్రం మీద బతికే మన వాళ్ళకి మొగ దాటడం తెలుసు. ఏటి మొగలో కెరటాలు విరుగుతుంటే బయటే నిలబడి, లెక్కపెట్టి, సందు చూసి లోపలికి వస్తారు. సగం వచ్చాక మనసు మార్చుకోవడానికి వీల్లేదు. అడ్డం తిరిగితే పడవ బోల్తా. తెరుచుకునే వంతెన కూడా ఒక మొగే అనుకోండి. కాకపోతే కెరటాల బదులు ఇనుమూ కాంక్రీటూ.

ముందుగా ఎత్తు సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది తప్పు లెక్క వేసేది అక్కడే. మ్యాపులో వంతెన కింద ఇన్ని మీటర్ల ఖాళీ అని రాసి ఉంటుంది. ఆ అంకె ఏ నీటిమట్టం నుంచి కొలిచారో చూడాలి. సాధారణంగా బాగా పోటు మీదున్నప్పటి నీటిమట్టం నుంచి కొలుస్తారు, కాని అన్ని దేశాల మ్యాపుల్లోనూ ఒకే లెక్క ఉండదు. నీరు మీటరు పెరిగితే వంతెన కింద ఖాళీ మీటరు తగ్గుతుంది. ఇది అందరికీ తెలిసిందే. తెలిసి కూడా మరిచిపోయేది ఇంకోటి ఉంది. రిపేరుకి వెళ్ళే బోటు ఖాళీగా ఉంటుంది. సరుకు లేదు, డీజిల్ అడుగంటింది, నీళ్ళ ట్యాంకులు ఖాళీ. అందుకని బోటు నీళ్ళలోంచి పైకి లేస్తుంది. రోజూ చూసే బోటే, రోజూ ఉండే ఎత్తు కాదు. పైన రాడార్ ఉంటుంది, దాని మీద దీపం, దాని మీద వీహెచ్ఎఫ్ ఏరియల్ కర్ర. అన్నిటికంటే పైనున్న దాని కొస దాకా కొలవాలి. కొలిచి, ఆ అంకె చుక్కాని ముందు రంగుతో రాసి పెట్టుకునే సరంగుల్ని చూశాను. మంచి అలవాటు.

ఇప్పుడు ఆ క్రీకు మొదట్లోనే ఇంకో వంతెన వచ్చింది. 2022 జనవరిలో తెరిచిన ఇన్ఫినిటీ వంతెన, పన్నెండు వరసల రోడ్డు. అది లేచేది కాదు. నీళ్ళ మీద దాదాపు పదిహేను మీటర్ల ఎత్తున శాశ్వతంగా నిలబడి ఉంది. లోపల ఎన్ని వంతెనలు లేచినా లాభం లేదు, మొదటి గుమ్మం ఎత్తే అసలు ఎత్తు. ఏ రేవుకి వెళ్ళినా దారిలో అన్నిటికంటే పొట్టి వంతెన ఏదో ముందు వెతకండి. అది లేచే రకం కాకపోతే మిగతావాటి సంగతి తరవాత.

ఖాళీ బోటుకి ఇంకో రెండు గుణాలున్నాయి. నీళ్ళ పైన ఎక్కువ భాగం కనిపిస్తుంది కాబట్టి గాలి దాన్ని అట్టముక్కలా తోస్తుంది. పంకా సరిగ్గా మునగదు కాబట్టి రివర్స్ వేసినా తొందరగా ఆగదు. అంటే రిపేరుకి వెళ్ళే బోటు మామూలు కంటే పొడుగు, మామూలు కంటే మొండి. రిపేరుకి ఎందుకు వెళుతున్నట్టు? ఇంజనో చుక్కానో గేరో బాగులేకే కదా! సరిగ్గా అటువంటి బోటునే ఇరుకు వంతెనలోంచి అర్ధరాత్రి దాటించాలి.

ఇప్పుడు చుక్కాని సంగతి. చుక్కాని ఎప్పుడు పనిచేస్తుంది? దాని మీద నీళ్ళు పారితేనే. బోటు మరీ నెమ్మదిగా వెళితే చుక్కాని తిప్పినా మాట వినదు. వేగంగా వెళితే ఆపలేం. ఈ రెండిటి మధ్యన ఒక వేగం ఉంటుంది. ఒరవడికి ఎదురు వెళుతున్నామనుకోండి, నేల లెక్కన నెమ్మదిగా వెళుతున్నా చుక్కాని మీద నీళ్ళు జోరుగా పారుతుంటాయి, బోటు చెప్పిన మాట వింటుంది, కావాలంటే ఉన్నచోటనే నిలబెట్టుకోవచ్చు. ఒరవడితోపాటు వెళుతుంటే తలకిందులు. నేల లెక్కన జోరుగా వెళుతున్నాం, చుక్కాని మీద మాత్రం నీళ్ళు తక్కువ. ఆగడానికి వీల్లేదు. అందుకే ఇరుకు చోట వాలుకి వచ్చేవాడికి దారివ్వడం నదుల మీద మర్యాద. అమెరికాలో కొన్ని నదుల మీద అది చట్టం కూడా. వాడి మీద గౌరవంతో కాదు, వాడు ఆగలేడు కాబట్టి.

అంచేత వీలైనంతవరకు ఆటుపోట్ల పట్టిక చూసుకుని, నీరు నిలకడగా ఉన్నప్పుడో, ఎదురుగా కొంచెం ఉన్నప్పుడో వంతెన దగ్గరికి చేరేట్టు బయల్దేరాలి. వంతెన తెరిచే వేళా, నీటి వేళా కలవకపోవచ్చు. కలవకపోతే ఏం చెయ్యాలి అన్నది బయల్దేరే ముందు తేల్చుకోవలసిన విషయం. క్రీకులోకి వచ్చాక కాదు.

నాకు ఈ పని నేర్పిన సరంగు కాకినాడ వైపు మనిషి. పెద్దగా చదువుకోలేదు. వంతెన దూరంగా కనపడగానే ఆయన ఒడ్డు మీద ఒక గురుతు చూసుకునేవాడు. ఒక దీపస్తంభమో, ఒక జెట్టీ మూలో, మసీదు మినారో. చూసుకుని మా అందరికీ వినపడేట్టు గట్టిగా చెప్పేవాడు: "అదిగో ఆ పచ్చ దీపం. అది పక్కకి వచ్చేసరికి వంతెన పూర్తిగా లేచి, మనకి రమ్మని పిలుపు రాకపోతే తిప్పేస్తాను." దాన్ని ఆయన తిరుగు చోటు అనేవాడు. తిరగడానికి స్థలం ఉన్న ఆఖరి చోటు అని. ఆ చోటు దాటాక బోటు తిరగలేదు, ఒరవడి వల్లో ఇరుకు వల్లో. అందుకని నిర్ణయం అక్కడే, ఆ దీపం దగ్గరే. వంతెన దగ్గర కాదు.

గట్టిగా ఎందుకు చెప్పాలి, మనసులో అనుకుంటే చాలదా అని నేనొకసారి అడిగాను. "మనసులో అనుకున్నది ఎవడికీ తెలీకుండా మార్చుకోవచ్చురా అబ్బాయ్. నలుగురికీ చెప్పింది మార్చుకోలేను" అన్నాడు. పుస్తకాల్లో ఇదే సంగతిని ఇంకో మాటల్లో రాస్తారు. నాకు మాత్రం ఆయన మాటే నచ్చింది.

ఒక రాత్రి ఆయన నిజంగా తిప్పాడు. లోపలి నుంచి ఒక బార్జి వాలుకి వస్తోంది, ముందు అది బయటికి రావాలి, మీరు ఆగండి అని వీహెచ్ఎఫ్‌లో చెప్పారు. వంతెన లేచే ఉంది. ఖాళీగానే కనిపిస్తోంది. బార్జి ఇంకా చాలా దూరం. వేరేవాళ్ళయితే "ఈలోపు దూరిపోవచ్చు" అనుకుంటారు. ఈయన గురుతు రాగానే మారుమాట లేకుండా చుక్కాని తిప్పేశాడు. మా వెనకాల వస్తున్న ఇంకో బోటు మాకు మరీ దగ్గరగా ఉంది. దాని సరంగు కంగారుపడి పూర్తిగా రివర్స్ వేశాడు. ఒంటి పంకా బోటు రివర్స్ వేస్తే తిన్నగా వెనక్కి రాదు, వెనక భాగం ఒక పక్కకి ఈడ్చుకుపోతుంది. కుడిచేతి పంకా అయితే ఎడమకి. అది అలా ఈడ్చుకుపోయి వంతెనకి రక్షణగా పాతిన దుంగల మీదకి వెళ్ళింది. దాని మీదున్న ఒక కళాసీ కుర్రాడు, పద్ధెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి, చేత్తో దుంగని తొయ్యబోయాడు. రెండు వేళ్ళు పోయాయి.

వాడు మన భాష కుర్రాడు కాదు, ఎక్కడివాడైతేనేం. నలభై టన్నుల బోటుని చేత్తో ఆపుదామనుకున్నాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. అందుకని ఈ మాట మాత్రం ఈ వేళ వింటున్న ప్రతి కుర్రాడికీ చెబుతున్నాను: బోటు దేనికన్నా తగలబోతుంటే చెయ్యి పెట్టకండి, కాలు పెట్టకండి. మధ్యలో టైరు పెట్టండి. టైరు అందకపోతే వదిలెయ్యండి, తగలనివ్వండి. బోటుకి సొట్ట పడితే యార్డు ఉంది. వెళుతున్నది అక్కడికే.

లేచే వంతెన ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే ఎందుకింత జాగ్రత్తో అర్థమవుతుంది. ఎక్కువ రకాల్లో సూత్రం మన ఏతాముదే. ఏతాములో ఒక కొసన బాన, ఇంకో కొసన బరువు, అందుకే ఒక్క మనిషి బావిలోంచి అంత నీళ్ళు ఎత్తగలడు. వంతెన రెక్కకి కూడా వెనకాల ఒక పెద్ద బరువు కడతారు. మోటారు చేసేది తూకం తప్పించడం వరకే. అందుకే కదలడం మొదలుపెట్టిన రెక్కని ఉన్నపళంగా ఆపడం అంత తేలిక కాదు. ఇంకో సంగతి, రెక్కలు చాలాచోట్ల నిటారుగా లేవవు. కొంచెం వాలి ఉంటాయి. కింద దారి వెడల్పుగా ఉన్నా పైన రెక్క కొస లోపలికి వంగి ఉండొచ్చు. దుంగల పక్కగా వెళితే కింద బోటు దాటుతుంది, పైన రాడార్ స్తంభం తగులుతుంది. కాబట్టి నట్టనడుమ వెళ్ళాలి. మామూలు ఇరుకు కాలవలో కుడి పక్కన ఉండమని 1972 నాటి అంతర్జాతీయ నియమాలు చెబుతాయి. వంతెన సందులో మాత్రం ఒక్కొక్కరుగా, మధ్యలో. రెక్క కదులుతుండగా వెళ్ళకూడదు. పూర్తిగా లేచి ఆగిన తరవాతే.

మన దేశంలో ఇది చూడాలంటే పాంబన్ వెళ్ళాలి. రామేశ్వరం రైలెక్కిన తెలుగువాళ్ళు వేల మంది ఆ వంతెన మీద నుంచి వెళ్ళారు, కింద నుంచి వెళ్ళేవాళ్ళ సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. పాత వంతెన 1914 ఫిబ్రవరిలో మొదలైంది. నడుమ రెండు రెక్కలు రెండు పక్కలకి లేచేవి. ఆ రకాన్ని కనిపెట్టిన అమెరికా ఇంజనీరు షెర్జర్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. మనుషులు చేత్తో తిప్పి ఎత్తేవాళ్ళు. విశాఖ, కాకినాడ వైపు నుంచి కేరళ వైపు వెళ్ళే చిన్న నౌకలకి శ్రీలంక చుట్టి వెళ్ళే పని తప్పించే దారి అది. ఒక పక్క పాక్ జలసంధి, ఇంకో పక్క మన్నారు సింధుశాఖ. గాలి కాలాన్ని బట్టి నీరు ఒకసారి అటూ ఒకసారి ఇటూ జోరుగా పారుతుంది. అందుకే అక్కడ పడవలు అనుమతి తీసుకుని, పక్కన లంగరు వేసుకుని, దారి తెలిసిన పైలట్ వచ్చేదాకా కాచుకుంటాయి. కొన్ని పోగయ్యాక వరసగా దాటిస్తారు. రోజుల తరబడి ఆగడమూ ఉంది. మన వాళ్ళు దాన్ని విసుక్కుంటారు. నేనయితే విసుక్కోను. 2013 జనవరిలో నౌకాదళానికి చెందిన ఒక బార్జి కొట్టుకొచ్చి ఆ వంతెనకి తగిలింది. దెబ్బ చిన్నదే గాని, లంగరు వేసుకుని ఆగడం కూడా ఒక పనే అని అది గుర్తు చేసింది. ఆగి ఉన్న బోటు మీద మనిషి కాపలా ఉండాలి. లంగరు జారుతోందా లేదా అని ఒడ్డు మీద రెండు గురుతులు కలిపి చూస్తూ ఉండాలి.

పాతది పాడయి 2022 డిసెంబరులో రైళ్ళు ఆపేశారు. కొత్తది 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. దీని నడిమి భాగం 72.5 మీటర్లు, లిఫ్టులాగా మొత్తంగా పదిహేడు మీటర్లు పైకి లేస్తుంది. అన్నీ కరెంటు మోటార్లే. అయినా ప్రారంభమైన రోజునే, లేచిన భాగాన్ని దించడంలో ఇబ్బంది వచ్చిందని పత్రికల్లో చదివాం. ఎవర్నీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు, కొత్త యంత్రానికి అటువంటివి సహజం. సరంగు తీసుకోవలసిన లెక్క ఏమిటంటే, ఎంత కొత్త వంతెన అయినా లేవకుండా ఉండిపోయే రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు మనం తిరుగు చోటుకి ఇవతలే ఉండాలి.

మన ఇంటి దగ్గరి ఉదాహరణ కావాలంటే ప్రకాశం బ్యారేజీ చూడండి. అది వంతెన కూడానూ, గేట్లు లేచే కట్టడం కూడానూ. 2024 సెప్టెంబరు 1న కృష్ణకి వచ్చిన వరదలో పై నుంచి పెద్ద బోట్లు కొట్టుకొచ్చి గేట్లకి తగిలాయి. 67, 69, 70 నంబరు గేట్ల దగ్గర దెబ్బ తగిలింది, కౌంటర్ వెయిట్లు విరిగాయి. ఇందాక చెప్పిన ఏతాము బరువే, కౌంటర్ వెయిట్ అంటే. ఆ వరద 11.43 లక్షల క్యూసెక్కుల దాకా వెళ్ళింది. అంతటి నీటి మధ్య గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో వాటిని బాగుచేశారు గాని, గేట్ల దగ్గర ఇరుక్కుపోయిన బోట్లని తీయడానికి చాలా రోజులు పట్టింది. బోటు మీద మనిషి లేకపోయినా, ఇంజను నడవకపోయినా, కింద వంతెన ఉన్నంతసేపూ అది ఆ వంతెన వైపే చూస్తుంటుంది. ఎగువన కట్టిన మోకు కూడా వంతెన దాటే పనిలో భాగమే.

ఇంజను మాట వినకపోతే ఏమవుతుందో 2025 మే 17న న్యూయార్కులో చూశాం. మెక్సికో నౌకాదళం శిక్షణ ఓడ, మూడు కొయ్యల తెరచాప ఓడ, రేవు నుంచి బయల్దేరి, వెళ్ళవలసిన వైపు కాకుండా వెనక్కి వెళ్ళి బ్రూక్లిన్ వంతెనకి తగిలింది. మూడు కొయ్యలూ విరిగాయి, ఓడ మీదున్నవాళ్ళలో ఇద్దరు చనిపోయారు. ముందుకి అని పైలట్ ఆదేశించిన తరవాత కూడా ఓడ వెనక్కే వేగం పుంజుకుందని అక్కడి దర్యాప్తు సంస్థ మొదటి నివేదికలో రాసింది. పైలట్ ఉన్నాడు, టగ్ ఉంది, పెద్ద నౌకాదళం. వంతెన మటుకు దగ్గరగా ఉంది. అందుకే వంతెనకి చాలా ముందే, తిరుగు చోటుకి ఇంకా ఇవతల ఉండగానే, ఒకసారి ముందుకి, ఒకసారి రివర్స్, చుక్కాని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి చూసుకోవాలి. రెండు నిమిషాల పని. పనిచెయ్యకపోతే అక్కడే లంగరు వెయ్యొచ్చు.

లంగరు అన్నాను కాబట్టి, వంతెన దాటేంతసేపూ ఒక మనిషి లంగరు దగ్గర ఉండాలి. బిగించిన కట్లు విప్పి, ఒక్క దెబ్బకి వదిలేట్టు సిద్ధంగా. ఇంకో మనిషి బోటు ముక్కు దగ్గర నిలబడి చూడాలి. మిగతావాళ్ళు లోపల. వీల్‌హౌస్ పైకప్పు మీద ఎవరూ ఉండకూడదు. ఫోటోల కోసం ఎక్కేవాళ్ళు ఉంటారు, దింపండి. ఇంకో బోటునో బార్జినో లాక్కెళుతుంటే పొడుగు తాడుతో వంతెనలోకి వెళ్ళకండి. తాడు బాగా కురచ చెయ్యండి, లేదా పక్కకి కట్టుకోండి. ముందు బోటు తిన్నగా వెళ్ళినా పొడుగు తాడు చివర బార్జి తోకలా ఊగుతుంది.

కొందరు కూతల గురించి అడిగారు. అమెరికాలో ఒక పొడుగు కూత, ఒక పొట్టి కూత వేస్తే 'వంతెన ఎత్తండి' అని అర్థం. వంతెన మీది నుంచి అదే తిరిగి వేస్తే ఎత్తుతున్నట్టు. ఐదు పొట్టి కూతలు వేస్తే కుదరదని. ఐరోపా కాలవల్లో ఎర్ర, పచ్చ దీపాలు. మరోచోట వీహెచ్ఎఫ్‌లో మాటే. ఏ రేవు పద్ధతి ఆ రేవుదే, కాబట్టి వెళ్ళబోయే రేవుది ముందే అడిగి రాసుకోవాలి. ఐదు పొట్టి కూతలకి మాత్రం సముద్రం మీది అంతర్జాతీయ నియమాల్లో ఒక అర్థం ఉంది. 'నువ్వేం చేస్తున్నావో నాకర్థం కావడం లేదు, ప్రమాదం' అని. అది వినపడితే ఎవరన్నది తరవాత చూడొచ్చు, ముందు వేగం తగ్గించాలి. వీహెచ్ఎఫ్‌లో మాట్లాడడానికి మన కుర్రాళ్ళు ఇంగ్లీషు రాదని మొహమాటపడతారు. నాలుగు ముక్కలు చాలు. బోటు పేరు, ఎటు నుంచి ఎటు వెళుతున్నారు, బోటు ఎత్తు ఎన్ని మీటర్లు, వెనక ఏమన్నా లాక్కెళుతున్నారా. వాళ్ళు చెప్పింది తిరిగి చెప్పండి. అర్థం కాకపోతే మళ్ళీ అడగండి, సిగ్గు లేదు. "సరే సరే" అని అర్థంకానిదానికి తలూపడం మన దగ్గర మర్యాద. నీళ్ళ మీద అది ప్రమాదం.

మరి కళాసీగా ఉన్నవాడు సరంగుకి ఎదురు చెప్పగలడా? చెప్పలేడు. కొత్తగా వచ్చినవాడు అసలే చెప్పలేడు, పాస్‌పోర్టు సంగతీ అప్పు సంగతీ మనసులో ఉంటాయి. కాని అడగొచ్చు. "అన్నా, మన తిరుగు చోటు ఏది?" అని అడగండి. ఎదురు చెప్పినట్టు ఉండదు, పని నేర్చుకుంటున్నట్టే ఉంటుంది. అడిగితే ఆయన ఆలోచించాలి, ఏదో ఒకటి చూపించాలి. చూపించాక ఆయనకీ గుర్తుంటుంది. నేను ఇప్పుడు బోటు నడుపుతున్నా, నా కుర్రాళ్ళు అడక్కపోతే నేనే వాళ్ళని అడుగుతాను, ఏది పెట్టుకుందాం అని. ఒక్కోసారి వాళ్ళు నాకంటే మంచి గురుతు చూపిస్తారు. కుర్రకళ్ళు కదా.

ఇక దాటడం ఎంతసేపు? ఒక నిమిషం, నిమిషంన్నర. తిన్నగా, నడుమన, చుక్కాని మాట వినేంత వేగంతో, ముందు బోటుకి చాలినంత దూరంలో. సందులో నీళ్ళు ఇరుకు కావడం వల్ల బోటుని కొంచెం పక్కకి లాగినట్టు అనిపిస్తుంది, చుక్కాని కొద్దికొద్దిగా సర్దాలి, పెద్దగా తిప్పకూడదు. అవతలికి వెళ్ళగానే హమ్మయ్య అని ఇంజను తగ్గించేస్తారు చాలామంది. వెనక వచ్చేవాడు ఇంకా సందులోనే ఉంటాడు, వాడికి ఆగే చోటు లేదు. అందుకని ఇంకాస్త ముందుకి వెళ్ళి, దారి వదిలి, అప్పుడు తగ్గించండి. ఆ తరవాత వీహెచ్ఎఫ్ తీసి, దాటేశామని వంతెన వాళ్ళకి చెప్పండి. వాళ్ళు రెక్క దించుకోవాలి, పైన అంబులెన్సో, రాత్రి డ్యూటీ బస్సో ఆగి ఉండొచ్చు.